రెడ్డీస్ ఎనభై శాతం పడిందని నాన్న ఫోన్ చేసిన రోజు

2024 అక్టోబర్ 28, సోమవారం. ఉదయం తొమ్మిదిన్నర కూడా కాలేదు. ఆఫీసు క్యాబ్‌లో మూసాపేట దాటుతుంటే తెనాలి నుంచి నాన్న ఫోన్. ఆ టైమ్‌లో నాన్న ఎప్పుడూ చేయడు కాబట్టి అమ్మకి ఏమైనా అయిందేమో అని గుండె ఝల్లుమంది. ఎత్తగానే, "అమ్మాయ్, రెడ్డీస్ మునిగిపోయింది, ఎనభై శాతం పోయింది, ఉన్నకాడికి అమ్మేస్తున్నా" అన్నాడు. గొంతు వణుకుతోంది.

నాన్న రిటైరై తొమ్మిదేళ్లయింది. డాక్టర్ రెడ్డీస్ షేర్లు నలభై ఉన్నాయి, ఒక్కసారిగా కొన్నవి కావు, జీతం మిగిలిన నెలల్లో రెండేసి మూడేసి కూడబెట్టినవి. అంతకు ముందు శుక్రవారం ఆరు వేల పైన ఉన్న షేరు సోమవారం పొద్దున్నే పదమూడు వందల దగ్గర కనిపించింది. యాప్‌లో నలభై షేర్లు అలాగే ఉన్నాయి, ధర మాత్రం ఐదో వంతు అయింది. రెండున్నర లక్షల పైన ఉండాల్సింది యాభై వేల చిల్లర చూపిస్తూ పక్కన మైనస్ గుర్తుతో ఎర్రటి అంకె. అది చూసిన ఏ మనిషికైనా కాళ్లలో సత్తువ పోతుంది.

"నాన్నా, ఏమీ అమ్మొద్దు, ఫోన్ పక్కన పెట్టి నేను చెప్పేది విను" అన్నాను. ఆ రోజు ఏ నష్టమూ రాలేదు, కంపెనీ షేరుని చీల్చింది, దాన్నే స్ప్లిట్ అంటారు, అంతే. ఐదు రూపాయల ముఖ విలువ (మార్కెట్ ధర కాదు, కంపెనీ లెక్కల్లో షేరుకి రాసి ఉండే విలువ) ఉన్న ఒక్కో షేరుని రూపాయి ముఖ విలువ ఉన్న ఐదు షేర్లుగా చేశారు. నలభై షేర్లు రెండు వందలు అవుతాయి, ఒక్కోదాని ధర ఐదో వంతు అవుతుంది, మొత్తం విలువ ఎక్కడికీ పోదు. అయితే ధర ఆ పొద్దున్నే మారిపోతుంది గానీ కొత్త షేర్లు డీమ్యాట్‌లోకి, అంటే మన షేర్లు ఉండే ఖాతాలోకి, రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఈ మధ్యలో యాప్ పాత సంఖ్యని కొత్త ధరతో గుణించి భయంకరమైన నష్టం చూపిస్తుంది. ఈ లోపు ఎవరైనా కంగారుపడి అమ్మితే ఆరు వేల షేరు పదమూడు వందలకి పోయినట్టే అనుకుని ఆ రోజంతా ఏడుస్తారు. అమ్మకపోయినా ఏడుస్తారు, మా నాన్నలాగా.

అదే రోజు రిలయన్స్ కూడా సగం పడినట్టు కనిపించింది. ఉన్న ఒక్కో షేరుకి ఇంకో షేరు ఉచితంగా, బోనస్ పేరుతో ఇచ్చారు, రెండు వేల ఆరు వందల పైన ఉన్నది పదమూడు వందల చిల్లరకి వచ్చింది. బోనస్‌కీ స్ప్లిట్‌కీ తేడా ముఖ విలువ దగ్గర తెలుస్తుంది, బోనస్‌లో రిలయన్స్ ముఖ విలువ పది రూపాయలు పదిగానే ఉంది, స్ప్లిట్‌లో రెడ్డీస్ ఐదు కాస్తా ఒకటి అయింది. చేతిలో ఉన్న డబ్బు లెక్కకి మాత్రం రెండూ ఒకటే. ఆ పొద్దున్న ఎన్ని ఇళ్లలో ఇలా టెన్షన్ పడి ఉంటారో అని సాయంత్రం దాకా అదే ఆలోచన.

ఆ వారం రాత్రిళ్లు భోజనాలయ్యాక నాన్నతో వీడియో కాల్‌లో కూర్చుని స్క్రీన్ మీద కనిపించే ఒక్కో అంకె ఏమిటో మాట్లాడుకున్నాం. నాకు తెలుసనుకున్నవి కూడా చెప్పబోయేసరికి సరిగ్గా తెలియవని అర్థమైంది, చదివి మళ్లీ చెప్పాను. అవే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇప్పుడు పేపర్లో బిజినెస్ పేజీ వదిలేసి ఫోన్‌లోనే ధరలు చూస్తున్నారు, ఆ ఫోన్ వాళ్లకి సగమే చెబుతోంది.

ముందు ఏ ధర చూస్తున్నామో తెలియాలి. ముంబైలో దలాల్ స్ట్రీట్‌లో ఉన్న స్టాక్ ఎక్స్ఛేంజ్ బీఎస్‌ఈ 1875 నాటిది, ఇంకో ఎక్స్ఛేంజ్ ఎన్‌ఎస్‌ఈలో ట్రేడింగ్ మొదలైంది 1994లో. చాలా కంపెనీలు రెండిటిలోనూ ఉంటాయి, రెండిటి ధర కొద్ది పైసలో రూపాయలో తేడాగా ఉంటుంది. పెద్ద కంపెనీలకి ఆ తేడా లెక్కలోకి రాదు గానీ, రోజుకి నాలుగు వందల షేర్లు కూడా చేతులు మారని చిన్న కంపెనీకి ఒక చోట కనిపించే ధర పొద్దున పదింటిది, ఇంకో చోటది మధ్యాహ్నం మూడింటిది అయి ఉండొచ్చు. ఎన్‌ఎస్‌ఈలో కంపెనీకి పొట్టి పేరు ఉంటుంది, బీఎస్‌ఈలో ఆరంకెల కోడ్ కూడా ఉంటుంది, రెడ్డీస్‌ది 500124, రిలయన్స్‌ది 500325. కంపెనీ పేరు మారినా ఆ కోడ్‌తో వెతికితే దొరుకుతుంది కాబట్టి నాన్నకి తన షేర్లన్నిటి కోడ్‌లు నోట్‌బుక్ అట్ట లోపల రాసుకోమన్నాను. అమరరాజా బ్యాటరీస్ 2023లో పేరు మార్చుకుని అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అయింది, పాత పొట్టి పేరు కొడితే ఏమీ రాక, కంపెనీయే మూతపడిందా అని నాన్న అప్పట్లో ఒక పూటంతా వెతికాడట, నాకు ఇప్పుడు చెప్పాడు.

గూగుల్‌లో ఊరికే కంపెనీ పేరు కొడితే ఇంకో చిక్కు. రెడ్డీస్, ఇన్ఫోసిస్, విప్రో, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఐసీఐసీఐ బ్యాంక్ లాంటివి న్యూయార్క్‌లో కూడా ఏడీఆర్ రూపంలో, అంటే మన షేర్లకి బదులుగా అక్కడ ఇచ్చే రసీదుల రూపంలో ట్రేడ్ అవుతాయి, డాలర్లలో. అమెరికాలో ఉన్న మా తమ్ముడు తన ఫోన్‌లో వెతికితే అతనికి ముందు న్యూయార్క్ ధరే వస్తుంది, ఇక్కడ రూపాయల ధర చూసిన నాన్నకి అతను చెప్పే అంకె అర్థం కాదు, ఇద్దరూ ఫోన్‌లో అరగంట వాదించుకున్న రోజులు ఉన్నాయి. మన మార్కెట్ మధ్యాహ్నం మూడున్నరకి మూసేశాక రాత్రి ఎనిమిదింటికి ఇన్ఫోసిస్ రెండు శాతం పెరిగింది అని ఎవరైనా అంటే అది న్యూయార్క్ సంగతి. మన టైమ్ ప్రకారం అక్కడ సాయంత్రం ఏడింటికి తెరుస్తారు, చలికాలంలో ఎనిమిదింటికి. రూపాయల గుర్తు ఉందా డాలర్ గుర్తు ఉందా అని ముందు చూడమన్నాను, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే టైమ్ కూడా. కొన్ని ఉచిత సైట్లలో ధర కొన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, ఆ సంగతి అక్కడే ఏదో ఒక మూల రాసి ఉంటుంది.

నాన్నకి అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చింది ముగింపు ధర. ఆయన రోజూ మూడున్నరకి టీ తాగుతూ ఆఖర్న కనిపించిన ధర నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. మర్నాడు యాప్‌లో వచ్చే శాతం ఆయన లెక్కతో ఎప్పుడూ కలవదు. బ్యాంకులో క్యాష్ లెక్క రూపాయి తేడా వస్తే ఇంటికి రాని మనిషి, నెలల తరబడి ఇది మోసమనే అనుకున్నాడు. విషయం ఏమిటంటే ఆఖరి లావాదేవీ జరిగిన ధర వేరు, ముగింపు ధర వేరు. 2024లో నడిచిన పద్ధతి ప్రకారం మూడింటి నుంచి మూడున్నర దాకా జరిగిన లావాదేవీలన్నిటి సగటు తీసేవాళ్లు, ఎన్ని షేర్లు ఏ ధరకి మారాయో దాని బరువు ప్రకారం, అదే ముగింపు ధర. ఒక షేరు మూడు ఇరవై తొమ్మిదికి 412 దగ్గర ఆఖరిసారి ట్రేడ్ అయిందనుకోండి, అరగంట సగటు 408 అనుకోండి. నాన్న 412 రాసుకుంటాడు. మర్నాడు 410 దగ్గర ఉంటే నాన్న నోట్‌బుక్ ప్రకారం రెండు రూపాయలు పోయింది, యాప్ ప్రకారం రెండు రూపాయలు పెరిగింది, ఎందుకంటే యాప్ పోల్చేది 408తో. ఆఖరి నిమిషంలో ఎవరో ఒకరు పెద్ద ఆర్డర్ పెట్టి ధరని లాగేస్తే అదే రోజు ధరగా నిలిచిపోకూడదని ఈ సగటు పద్ధతి. ఇది చెప్పాక నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత నోట్‌బుక్‌లో ఇంకో గడి గీశాడు.

పొద్దున సంగతి కూడా ఇలాంటిదే. తొమ్మిదింటికే అంకెలు కదలడం మొదలవుతుంది గానీ అది ప్రీ ఓపెన్, తొమ్మిదీ ఎనిమిది దాకా ఆర్డర్లు తీసుకుని ఎక్కువ షేర్లు ఏ ధర దగ్గర కుదురుతాయో చూసి ఆ ధరతో తెరుస్తారు, మామూలు ట్రేడింగ్ మొదలయ్యేది తొమ్మిదీ పదిహేనుకే. తొమ్మిదీ రెండుకి ఏదో షేరు పన్నెండు శాతం పైన కనిపించి తొమ్మిదీ పదికి మామూలుగా అయిపోతే ఎవరూ ఏమీ చేయలేదు, ఆర్డర్ పెట్టినవాళ్లు వెనక్కి తీసుకున్నారు, అంతే. పొద్దున ఆరున్నర నుంచి టీవీలో చెప్పే గిఫ్ట్ నిఫ్టీ గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో నడిచే ఫ్యూచర్స్ ధర, అంటే నిఫ్టీ సూచీ మీద ముందు తేదీకి కుదుర్చుకునే బేరాల ధర, అంతకు ముందు అది సింగపూర్‌లో ఉండేది, 2023 జులైలో ఇటు వచ్చింది. దాన్ని చూసి మన షేరు ఎంతకి తెరుస్తారో చెప్పలేం.

ధర ఒక్కటే చూసి ఆ ధరకి అమ్ముకోవచ్చు అనుకోవడం కూడా తప్పే, దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. షేరు ధర వివరాలుండే కోట్ పేజీలో కొంచెం కిందికి వెళితే ఐదు కొనే ధరలు, ఐదు అమ్మే ధరలు వరుసగా ఉంటాయి, ఒక్కోదాని పక్కన ఎన్ని షేర్లో. అసలు మార్కెట్ అంటే ఆ పది వరుసలు. అప్పర్ సర్క్యూట్ కొట్టిన, అంటే ఆ రోజుకి పెరగగల హద్దు తాకిన షేరుకి అమ్మేవాళ్ల వైపు మొత్తం ఖాళీగా ఉంటుంది, లోయర్ సర్క్యూట్, అంటే తగ్గగల హద్దు అయితే కొనేవాళ్ల వైపు ఖాళీ. ఒక్కో షేరుకి రోజుకి రెండు, ఐదు, పది, ఇరవై శాతం అని హద్దు ఉంటుంది, ఆ హద్దు దగ్గర ఆగిపోయిన ధర చూసి నా దగ్గర ఇంత ఉంది అనుకోవడానికి లేదు, కొనే మనిషి లేనప్పుడు ఆ అంకెకి అర్థం లేదు. వాట్సాప్‌లో పంపే టిప్ షేర్లలో ఎక్కువ ఇలాంటివే. నాన్న స్నేహితుడు ఒకాయన వరుసగా లోయర్ సర్క్యూట్‌లో పడుతున్న షేరు పట్టుకుని రోజూ పొద్దున అమ్మకానికి పెట్టి సాయంత్రం అలాగే మిగిలిపోయి, ఆ నెలంతా నిద్ర లేకుండా గడిపాడు.

ఆ హద్దుల వల్ల, ఎవరూ అమ్మకపోవడం వల్ల ధర ఎంత అబద్ధంగా ఉండగలదో చెప్పడానికి అదే వారంలో జరిగిన ఒక సంగతి చాలు. నాన్న ఫోన్ చేసిన మర్నాడు, అక్టోబర్ 29న, ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే కంపెనీ షేరు బీఎస్‌ఈలో 3 రూపాయల 53 పైసల నుంచి ఒక్క రోజులో 2,36,250 రూపాయలకి వెళ్లింది. దాదాపు 67 లక్షల శాతం. నాన్న ఇది వార్తల్లో చూసి పేపరు వాళ్లు సున్నాలు ఎక్కువ వేశారన్నాడు. కానీ ఆ అంకె నిజమే. ఆ కంపెనీ దగ్గర ఏషియన్ పెయింట్స్ షేర్లు ఉన్నాయి, వాటి విలువ ప్రకారం ఒక్కో ఎల్సిడ్ షేరు లక్షల్లో ఉండాలి, కానీ మూడున్నర రూపాయలకి ఎవరు అమ్ముతారు? దాదాపు ఎవరూ అమ్మరు కాబట్టి లావాదేవీలు చాలా అరుదు, అందుకే ఆ కొద్ది రూపాయల ధరే ఏళ్ల తరబడి కనిపించింది. ఇలాంటి పెట్టుబడి కంపెనీలకి అసలు ధర తెలియాలని, షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ చెప్పిన ప్రకారం హద్దులు లేని ప్రత్యేక వేలం పెట్టారు, అందులో వచ్చిన 2,25,000 రూపాయల నుంచి ఇంకాస్త పెరిగి ఈ ధరకి చేరింది. మూడున్నర రూపాయలు అని స్క్రీన్ మీద ఉన్నన్నాళ్లూ ఆ ధరకి షేరు దొరకడమే కష్టం, అది నాన్నకి బాగా పట్టింది.

ఇంకోటి, షేరు ధర పెద్దదైతే పెద్ద కంపెనీ అనుకోవడం. ఎంఆర్‌ఎఫ్ 2023 జూన్‌లో లక్ష రూపాయలు దాటింది, కారణం ఆ కంపెనీకి మొత్తం షేర్లే 42 లక్షల చిల్లర. వొడాఫోన్ ఐడియాకి వేల కోట్ల షేర్లు ఉన్నాయి. ధరని షేర్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేదే మార్కెట్ క్యాప్, పోల్చాలంటే దాన్నే పోల్చాలి. పది రూపాయల షేరు చవక, లక్ష రూపాయల షేరు ఖరీదు అని మా పెద్దనాన్న ఇప్పటికీ అంటాడు, ఆయనతో వాదించడం మానేశాను, నాన్న మాత్రం ఒప్పుకున్నాడు.

పీఈ దగ్గరికొచ్చేసరికి నాన్నే నాకు చెప్పాడు. ధరని ఒక్కో షేరు మీద వచ్చిన లాభంతో భాగిస్తే పీఈ అని నేను అంటుంటే, "ఆ లాభం ఎవరు రాశారో చూడాలమ్మా, సత్యం గుర్తుందా" అన్నాడు. గుర్తుండకపోవడమేంటి. 2009 జనవరి 7న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది, 5,040 కోట్ల రూపాయల నగదు లేకుండానే ఉన్నట్టు చూపించామని అందులో ఉంది. ముందు రోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ రోజు 40 లోపు ముగిసింది. ఫ్యూచర్స్‌లో ఉన్న షేర్లకి మామూలు సర్క్యూట్ హద్దు ఉండదు, అందుకే ఒక్క రోజులో అంత లోతుకి వెళ్లింది. అంతకు ముందు దాకా ప్రతి సైట్లోనూ ఆ షేరు పీఈ కనిపించింది, భాగహారం సరిగ్గానే చేశారు, కింద ఉన్న లాభం అంకే నిజమైనది కాదు. మా కాలనీలో కొందరు ఆ షేర్లని కూతుళ్ల పెళ్లికని దాచుకున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాళ్లకి ఆ కంపెనీ అంటే నమ్మకం కంటే ఎక్కువ, మనది అన్న భావం. నాన్న దగ్గర ఆ షేర్లు లేవు గానీ ఆ రోజు టీవీ ముందు అన్నం ముట్టకుండా కూర్చోవడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

పాత ధరలు వెతికేటప్పుడు స్ప్లిట్ సంగతి మళ్లీ ఎదురవుతుంది. ఇప్పుడు చార్ట్ తెరిచి 2021కి వెళితే రెడ్డీస్ వెయ్యి రూపాయల దగ్గర కనిపిస్తుంది, ఆ రోజుల్లో పేపర్లో ఐదు వేల దగ్గర ఉన్నది. చార్ట్ పాత ధరలన్నిటినీ ఐదుతో భాగించి సర్దేస్తుంది, లేకపోతే గీత మధ్యలో కొండచరియ విరిగినట్టు ఉంటుంది. ఆ రోజు నిజంగా ఎంత ధర పలికిందో కావాలంటే ఎక్స్ఛేంజ్ సైట్లలో భావ్‌కాపీ అనే రోజువారీ ధరల పట్టిక ఉంటుంది, అందులో సర్దుబాటు ఉండదు. ఇది పనికొచ్చేది ఇన్‌కమ్ ట్యాక్స్ దగ్గర. 2018 జనవరి 31 దాకా కొన్న లిస్టెడ్ షేర్లు అమ్మితే ఆ రోజు పలికిన అత్యధిక ధర కూడా లెక్కలోకి తీసుకుంటారు. నాన్న షేర్లు చాలావరకు అప్పటికి ముందువే. ఆ రోజు ధర పాత షేరుకి, ఇప్పుడు అమ్మేది చీల్చిన షేరు, ఐదుతో భాగించడం మర్చిపోతే లెక్క మొత్తం తప్పుతుంది. ఆడిటర్‌కి ఇచ్చే ముందు మేమిద్దరం ఆ పేజీ రెండు సార్లు చూశాం.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. నకిలీ ట్రేడింగ్ యాప్‌లు చూపించే ధరలు అసలు ఏ మార్కెట్లోవీ కావు. పైన చెప్పిన స్నేహితుణ్ణే తర్వాత ఎవరో వాట్సాప్ గ్రూప్‌లో చేర్చి యాప్ దించుకోమన్నారు, అందులో రోజూ లాభం పెరుగుతూ కనిపించింది, తీసుకోబోతే ముందు ట్యాక్స్ కట్టమన్నారు. ఎనిమిది లక్షలు పోయాయి. ఆ యాప్‌లో కనిపించిన షేరు ధరని అదే నిమిషంలో ఎన్‌ఎస్‌ఈ సైట్లో పోల్చి చూస్తే చాలు, అంకె కలవదు. డీమ్యాట్ స్టేట్‌మెంట్ మన షేర్ల లెక్క ఉంచే సంస్థలైన ఎన్‌ఎస్‌డీఎల్ నుంచో సీడీఎస్‌ఎల్ నుంచో రావాలి, అందులో లేని షేరు మన దగ్గర లేనట్టే. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యం చేసే కొద్దీ ఆ డబ్బు ఖాతాలు దాటిపోతుంది, ఆయన మూడు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాడు.

2025 జనవరి 6న మధ్యాహ్నం నాన్నే ఫోన్ చేశాడు. ఐటీసీ తగ్గి కనిపిస్తోంది అన్నాడు, ఈసారి గొంతులో కంగారు లేదు. "హోటళ్లు విడగొట్టారు కదా, ఆ విలువ ఇందులోంచి తీసేశారు, పొద్దున పదింటి దాకా వేరేగా వేలం పెట్టి ధర కట్టారు. పది ఐటీసీకి ఒక హోటల్ షేరు. నాకు ఇరవై రావాలి" అన్నాడు. నేను ఒక్క మాట కూడా చెప్పాల్సిన పని పడలేదు. ఆ షేర్లు లిస్ట్ అయింది అదే నెల 29న, అప్పటిదాకా మూడు వారాల పైన వాటికి ట్రేడింగ్ ధర లేదు. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నోట్‌బుక్ తెరిచి చూశాను. ఐటీసీ హోటల్స్ అని రాసి, ఎదురుగా 20 వేసి, ధర గడి ఖాళీగా వదిలి, పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్న గుర్తు పెట్టాడు. నెలాఖరుకి ఆ గడిలో ధర రాసి, ప్రశ్న గుర్తు రబ్బరుతో చెరిపి, ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపాడు.